మిరప గోదాంల కచేరి

మానుకోటల మా సంగీత బడి హాలుకు పెద్ద చరిత్రే ఉన్నది. రేకులు కారి మిరప బస్తాలకు ఇగ పనికిరాదన్నంక మిరప వ్యాపారి నర్సింగరావు తన గోదాంను బడికి దానమిచ్చిండు. పెట్టింది పిసరంత, చెప్పుకునేది కొండంత. గోడ నిండ ఆయన పేరే. సున్నం ఏయించిండు గని, దూలాల మీద పేరుకున్న మిరప దుమ్ము దులిపియ్యలే. అడిగితే, "దానం నేనే, దులుపుడు నేనేనా?" అన్నడు.

ఫ్యాను ఏస్తే చాలు, ఆ ఘాటు లేసి గొంతుల పడ్తది. అందుకే మా శకుంతల టీచర్ ఎండకాలం సుత ఫ్యాన్లు బంద్ పెట్టి పాఠం చెప్పేది. పక్కన మృదంగం వాయించుకుంట నేను చెమటల నానేటోణ్ని.

పాపం, ఆమెకు ఒక్కటే కోరిక. రిటైరయ్యేలోపు ఆ హాల్ల ఒక్క కచేరి మొదలుకెళ్లి ఆఖరుదాక పాడాలె. పాడనిస్తరా! ఏటా వార్షికోత్సవమంటే శాలువాలు, బొకేలు, ఒకలనొకలు పొగుడుకునుడు. ఆఖరికి, "టీచర్, జర ఒక్క కీర్తనతోటి కానియ్యిండ్రి" అంటరు. గాడిదలకేం తెలుసు గంధపు చెక్కల వాసన!

మొన్న ఆమె చివరి కచేరి. ముందు సోఫాలల్ల పెద్దమనుషులు. మిరప యార్డుల కాయలేరే ఆడోళ్లు పాట విందామని వచ్చి తలుపుకాడనే నిలబడ్డరు. లోపలికి రానియ్యలే, సోఫాలు మాస్తయంట! థూ, ఏం మనుషులో!

నర్సింగరావు మైకు పట్టి ఇడువలే. టీచర్ తంబూర పట్టుకొని కూసునే ఉన్నది. ఆయనకు చెమటలు పట్టినయ్. "ఫ్యాన్లు ఏయుండ్రి" అన్నడు.

"వద్దు సార్, ఘాటు లేస్తది" అన్నది టీచర్.

"నా హాలు సంగతి నాకు తెల్వదా?"

నేనే లేసి అన్ని ఫ్యాన్లు ఫుల్లుగ ఏసిన. సంబరంగనే ఏసిన.

"కళ కోసం నేను..." అన్నడు నర్సింగరావు మైకుల. ఇగ మిగిలింది దగ్గే. కప్పిన శాలువాలే ముక్కులకు అడ్డం పెట్టుకొని పెద్దమనుషులంత బయటికి ఉరికిన్రు.

ఫ్యాన్లు బంద్ చేసిన. టీచర్ కండ్లు తుడుచుకొని ఖాళీ సోఫాల దిక్కు చూసింది. "ఇగ ఎవరికి పాడాలె?" అనుకుంట తంబూర కింద పెట్టబోయింది.

అప్పుడు యార్డు ఆడోళ్లల్ల పెద్దామె, తారి, లోపలికొచ్చి ముందు సోఫాల కూసున్నది. తక్కినోళ్లు సుత వచ్చి కూసున్నరు. ఒక్కలు దగ్గలే.

"ఈ ఘాటు మాకు రోజూ ఉండేదే. నువ్వు పాడు బిడ్డా, మేమెటూ పోము" అన్నది తారి.

ఘాటు జర అణిగినంక టీచర్ పాడింది. ఆమె గొంతు అంత నిండుగ నేనెన్నడు వినలే. నడుమ నర్సింగరావు దగ్గుకుంట తలుపు సందుల తల పెట్టిండు. తారి ఎనుకకు మళ్లి చూసింది.

"బయట దగ్గు సారూ, లోపల పాట నడుస్తున్నది" అన్నది.