కందిపప్పు కొననివ్వని ఆదివారం

ధరల గురించి లైబ్రరీలో నేను చదివిన పుస్తకాల్లో సరుకు ఉంది, గిరాకీ ఉంది. ఒకడి మాట నమ్మి కొనకుండా ఆగిన తల్లి మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఆ ఒకడిని నేనే కాబట్టి ఇది నేనే రాయాలి.

తొంభైల చివర మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్నాయి. అక్కా, బావా, నేనూ పాలమూరు నుంచి వచ్చి, పని జరిగేచోటే రేకుల గుడిసెలో ఉండేవాళ్ళం. శనివారం కూలి చేతికొచ్చేది. ఆదివారం నేను మూసాపేట లైబ్రరీలో పేపర్లు చదివి వచ్చాకే ఆడవాళ్ళు సంచులు పట్టుకుని సరుకులకు బయలుదేరేవారు. ఆ పెద్దరికం నాకు బాగుండేది.

అప్పటికి అక్కకు రెండు నెలల పాప. పప్పు తింటేనే పాలు పడేవి. ధర వారం వారం పెరుగుతుంటే, ఉన్న డబ్బంతా పెట్టి నెలకు సరిపడా కందిపప్పు తెచ్చుకుందామనుకుంది.

"ఆగక్కా, వారంల దిగుతదట. మంత్రి చెప్పిండు, పేపర్ల పడ్డది."

"మంత్రి ఇంట్ల పొయ్యి నువ్వు జూసినవా?" అంది పక్క గుడిసె పెద్దమ్మ.

"పుస్తకంల గూడ ఉంది పెద్దమ్మా. ధర పెరిగితే సరుకు అదే ఎక్కువొస్తది, మల్ల ధర దిగుతది."

"చదివెటోడు చెప్తుండు గద, ఆగుదాం తియ్యి," అంది అక్క. పప్పు కొనకుండా మిగిలిన డబ్బు బావ ఊరికి పంపేశాడు.

బుధవారానికి పప్పు డబ్బా ఖాళీ. ఆదివారానికి ధర ఇంకా ఎక్కింది. ఆ వారం కూలికి పప్పు అందక అక్క ఒట్టి నూకలు తెచ్చుకుంది.

"ఇగ ఎప్పుడు దిగుతది తమ్మీ?" అంది. వెక్కిరించడం కాదు, నిజంగానే అడిగింది. నేను పేపరు మడత పెట్టుకున్నాను.

మూడో రోజుకు పాలు తగ్గిపోయాయి. ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాలలో పాప ఏడుస్తూనే ఉంది. అక్క తట్ట దించితే మేస్త్రీ సగం కూలి కోస్తాడు. నేను ఎత్తుకుంటే పాప నా చొక్కా చప్పరించింది. కాసేపటికి ఏడుపు సన్నబడింది. దానికి ఇంకా భయం వేసింది.

అప్పుడు శ్రీకాకుళం వాళ్ళ గుడిసెలోంచి ఒక బాలింత వచ్చి చేతులు చాచింది.

"ఇలాగియ్యి బాబూ. మావోడు తాగ్గా మిగుల్తాయిలే."

ధర దిగేదాకా పాపకు రోజూ ఆమే పాలు పట్టింది. ఆ తల్లికీ, తన గిన్నెలో పప్పు అక్కకు వంచిన పెద్దమ్మకూ, ఆ తర్వాత కూడా నన్ను లైబ్రరీకి పంపిన అక్కకూ నా దండాలు. పేర్లు రాయడం వాళ్ళకు ఇష్టం ఉండదు.