అందరూ చేరతారన్నాను

చివరికి అందరూ రక్షించబడతారని నేను నమ్ముతాను. పాస్టరు భార్య నమ్మదగిన మాట కాదిది. చర్ల అవతలి అడవి ఊళ్లో మా ఆయన సంఘం నడిపిన రోజుల్లో, నరకం గురించి మొదలుపెడితే కల్లంలో వడ్లు తూర్పారబట్టినట్టే ఉండేది. సగం ఊరు పొట్టులోకే పోయేది. మా అమ్మ బాప్తిస్మం లేకుండా, ముత్యాలమ్మకు మొక్కుతూనే పోయింది. ఆమెను ఆ పొట్టులో కలపడం నాకు చేతకాలేదు. ఎంత ఆలస్యమైనా దేవుడు ఎవరినీ వదిలిపెట్టడని నాలో నేను అనుకునేదాన్ని. మా ఆయనతో మాత్రం వాదించలేదు.

రెండువేలు దాటిన తొలి ఏళ్లవి. అటు పోలీసు క్యాంపు, ఇటు అడవిలో అన్నలు. ఎవరితో మాట్లాడినా రెండో వైపు వాళ్లకు అనుమానం. ఒక సాయంత్రం తుపాకులతో వచ్చినవాళ్లు, పోలీసులకు కబుర్లు మోస్తున్నాడంటూ పోడు చేసుకునే ఒకతన్ని ఇంట్లోంచి పిలుచుకుపోయారు. తెల్లారి చేను గట్టున శవం దొరికింది. ఆ తర్వాత కుక్క మొరిగితే చాలు, పొయ్యి మీద కూర వదిలేసి తలుపులు వేసుకునేవాళ్లం.

అతని భార్య ఇద్దరు పిల్లలతో మా వాకిట్లోకి వచ్చింది.

“మా ఆయన మీ దేవునికి మొక్కలేదు అమ్మగారూ. ఇప్పుడు ఏడున్నడు?”

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనేది కాదు. దాచుకున్న మాట చెప్పేశాను. కాస్త ఆలస్యమైనా అందరూ దేవుడి దగ్గరికే చేరతారు, నీ మనిషి కూడా, అన్నాను. ఆమె ముఖం తేటపడటం చూసి గర్వపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. వానలు తగ్గాక ఆమె వాగులో బాప్తిస్మం తీసుకుంది.

మా సంఘంలో నెలకోసారి రొట్టె విరిచే ముందు, ఒకరి ముందు ఒకరు చేతులు జోడించి, తప్పుంటే క్షమించమని అడగాలి. ఎదుటివాళ్లూ చేతులు జోడిస్తేనే రొట్టె. ఆమెకు అది మొదటిసారి. నా పక్కనే కూచుంది. సంఘ పెద్ద ఒకాయన వరుసగా వస్తూ ఆమె ముందు ఆగాడు.

“వందనాలు చెల్లె. ఏమన్న తప్పుంటే మాఫ్ చెయ్యి.”

ప్రతి నెలా అందరితో అనే మాటే. ఆమె చేతులు ఒళ్లోంచి కదల్లేదు. నా చెవి దగ్గరికి వంగింది.

“అందరంటే ఈన గూడనా అమ్మగారూ?”

“ఈయన కూడా,” అన్నాను, ఏమీ తెలియక.

“ఆ పొద్దు వాళ్లకు మా ఇల్లు చూపించింది ఈనే. నా పెద్ద పిల్ల చూసింది. దేవుని కాడికొస్తే గాడ గూడ మా ఇల్లు చూపిస్తడు.”

ఆయన విన్నాడో లేదో తెలియదు. చిరునవ్వు మాత్రం చెరగలేదు. నా వైపు తిరిగి చేతులు జోడించాడు. ఆమె మాట విన్నాక కూడా అలవాటు కొద్దీ నేనూ జోడించాను. ఆమె రొట్టె తీసుకోకుండానే పిల్లలను తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా పెరట్లోకి వచ్చింది. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లోకి కూలికి పోతున్నామని, ఏ తోటో కూడా నాకొక్కదానికే చెప్పింది. రెండు రోజులు గడిచాక సంఘ పెద్ద వచ్చాడు. నేను బియ్యం చెరుగుతున్నాను.

“ఆ చెల్లె ఇంటికి తాళం ఉన్నది. ఎటు పోయిన్రో మీకు ఎరికేనా అమ్మగారూ? పోయి ప్రార్థన చేసొస్త.”

నిజంగా ప్రార్థనకే అడిగాడేమో. ఏడ్చి కాళ్లు పట్టుకోవడానికే వెతుకుతున్నాడేమో. ఆయన కూడా చేరతాడని మొన్న చెప్పిన నోరే నాది. చాట పక్కన పెట్టి ఆయన ముఖంలోకి చూశాను.

“నాకు తెలియదు. మీరు వెతకొద్దు,” అన్నాను.

ఆ తోట ఏదో మా ఆయనకు కూడా చెప్పలేదు.