నత్త మీద కాపురం

చిన్న తమ్ముడు పోయాడని మరదలు ఫోన్ చేసినప్పుడు నా కళ్లముందు నిలిచింది ఒక మామూలు పొద్దున.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ల ఫ్లాటు. పూజ ముగించి బాల్కనీలోకి వచ్చాను. అక్కడ వాడి చిన్న నీళ్ల టబ్బు. అడుగున చెరువు బురద, నాచు, పదిదాకా నత్తలు. ఒకదాని వీపంతా పాచి, మట్టిపోగులు. పాపమనిపించింది. దీపపు కుందులు తోమే మెత్తని బ్రష్షుతో తుడిచి, మెరిసేలా చేసి వదిలాను.

వాడు కాఫీ లోటాతో వచ్చి చూశాడు. కాలేజీలో జువాలజీ చెప్పేవాడు.

"అక్కా, ఎవరింటిని తుడిచేసినావు?"

"మురికి కదరా!"

కోప్పడలేదు. ఇంకో నత్తను అరచేతిలో పెట్టుకుని నాకు భూతద్దమిచ్చాడు. మట్టిపోగు అనుకున్నది ఒక గొట్టం. దాని కొసన ఎర్రని నూలుపోగులాంటి పురుగు తల ఊపుతోంది. కుట్టని దోమ ఒకదాని పిల్లట. పెంకు మీదే ఇల్లు కట్టుకుని, అక్కడి నాచే తిని పెరుగుతుందట. ఆల్చిప్పల లోపల కాపురముండేవీ ఉన్నాయట.

"నత్తకేం లాభంరా?"

"తెలీదక్కా. పాచి తగ్గుతుందేమో. ఊరికే మోస్తా ఉండాదేమో."

తెలీదని చెప్పడానికి వాడెప్పుడూ సిగ్గుపడలేదు.

టబ్బులో చెయ్యి పెట్టేముందు సబ్బు వాసన పోయేదాకా కడిగేవాడు. దేవుడి గదిలోకి పోయేముందు నేనైనా అంత శ్రద్ధగా కడగను. వాన వెలిసిన సాయంత్రాలు లైటు వేయనిచ్చేవాడు కాదు. నీళ్లమీద నుంచి పొగలాగా ఆ దోమల సన్నని రెక్కలు లేచేవి. "రెక్కలొచ్చినాక తిండి మరిచేపోతాయక్కా," అనేవాడు మెల్లగా. ఆ మసకలో మేమిద్దరం మాటల్లేకుండా కూర్చునేవాళ్లం. నాకది జపంలాగే ఉండేది.

బళేపేటలో గాజుల అంగడి నడిపే పెద్ద తమ్ముడు ఆట పట్టించేవాడు: "ఏమప్పా, నీ నత్తలు మెజెస్టిక్ బస్టాండు చేరేదెప్పుడు?"

"సిగ్నల్ దాటేసినాయన్నా. నువ్వే ఇంకా ట్రాఫిక్‌లో ఉండావు."

వాడు పోయిన మర్నాడు సాయంత్రం అందరం ఆ ఫ్లాటులోనే ఉన్నాం. పొద్దున్నే అస్థికలతో శ్రీరంగపట్నం వెళ్లాలి.

"నాకు ఆ టబ్బు వైపు చూసే ధైర్యం లేదు వదినా," అంది మరదలు.

"వాటినీ తీసుకుపోదాం. వాడితోపాటే కావేరిలో వదిలేద్దాం," అన్నాడు పెద్ద తమ్ముడు. పుణ్యమే కదా అని నేనూ తల ఊపాను.

వాడి కూతురు, నా మేనకోడలు, తలెత్తింది. "వద్దత్తా. నాన్న ఒప్పుకోడు. ఒక చెరువువి ఇంకో నీళ్లలో వదిలితే అక్కడివాటికి ముప్పు అనేవాడు."

"అయితే వాటి చెరువులోనే వదులుదాం పాపా."

"దాన్ని ఎండగట్టి పూడిక తీస్తా ఉండారు పెద్దనాన్నా. ఇప్పుడక్కడ చుక్క నీళ్లు లేవు."

వాటికింక ఈ టబ్బు తప్ప చోటు లేదు. ఎన్నడూ వాటిని ముట్టని పెద్ద తమ్ముడు మేనకోడలి వైపు తిరిగాడు.

"మా మిద్దె మీద నీడ ఉండాది. ఎట్ల చూసుకోవల్లో నేర్పించు."

ఆ సాయంత్రం అదే ఖాయమైంది. కావేరికి అస్థికలు మాత్రమే. చెరువు నిండేదాకా నత్తలు పెద్ద తమ్ముడి ఇంట్లో. ఆదివారాలు మేనకోడలు పోయి నీళ్లు మారుస్తుంది. టబ్బు ఎవరు పట్టుకోవాలన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు. పెద్ద తమ్ముడి ఇంటికి బయలుదేరినప్పుడు కారు వెనక సీట్లో మరదలే దాన్ని ఒళ్లోకి తీసుకుంది. పెద్ద తమ్ముడు కారును నడకంత మెల్లగా పోనిచ్చాడు. అంచుకు ఆనిన ఆమె వేలి మీదికి ఒక నత్త ఎక్కుతోంది. ఆమె వేలు కదపలేదు.