సూపర్వైజర్ జీన్సు మూటలో వెళ్ళిపోయిన రోజు

మా చిన్నప్పుడు... బళ్ళారి గాంధీనగర్‌లో మా ఇంటి ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, వాటి చుట్టూ గుట్టలుగా జీన్సు ప్యాంట్లు, ఆ గుట్టల మధ్య ఒక తెల్ల కుందేలు...

అమ్మా నాయనా ఇంట్లోనే ప్యాంట్లు కుట్టేవాళ్ళు. వారానికి రెండుసార్లు ఖాదర్ మామ ఆటోలో వచ్చి, కుట్టిన మూటల్ని జీన్సు ఉతికే యూనిట్‌కు తీసుకుపోయేవాడు.

కుందేలు పొద్దున్నే ప్రతి గుట్ట దగ్గరికీ పోయి వాసన చూసేది. నచ్చకపోతే వెనక్కాలితో నేలను టప్పున తన్నేది. అది చూసి నాయనే దానికి సూపర్వైజర్ అని పేరు పెట్టాడు. నాయన చాలా తక్కువ మాట్లాడే మనిషి. గొంతు పెంచడం మేమెప్పుడూ వినలేదు. ఆ రోజు మాత్రం తన మాటకు తనే చాలాసేపు నవ్వుకున్నాడు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. సూపర్వైజర్ ఒక కొత్త ప్యాంటు జేబు కొరికేసింది.

"ఆదివారం దీన్ని తెక్కలకోటలో మీ అత్త దగ్గర ఇడిసిపెట్టొస్తా. ఆడ గడ్డుండాది, చేనుండాది" అన్నాడు నాయన.

మా అక్క ఏడో తరగతి. నాకు తెలిసినంతలో అన్నీ తెలిసిన మనిషి. "దానికి పొద్దుపోతాలేదు మే. అందుకే కొరుకుతాండాది. ఆడిస్తే కొరకదు" అంది నాతో.

అప్పటికి ఆదివారానికి నాలుగు రోజులుంది...

ప్లాస్టిక్ బంతి తెచ్చాం. వాసన చూసి వీపు తిప్పింది. నా బొమ్మనిచ్చాను. జుట్టంతా పీకి బొమ్మను వెనక్కిచ్చింది. ఖాళీ దారం కోనొకటి పడేస్తే మాత్రం, పళ్ళతో పట్టుకుని విసిరేసింది. మేం తెచ్చి పెట్టాం. మళ్ళీ విసిరింది. సాయంత్రానికి మేమిద్దరం గోడకానుకుని రొప్పుతున్నాం... అది ఇంకో కోను కోసం చూస్తోంది.

మరుసటి రోజు అక్క ఒక ప్యాంటును నేల మీద పరిచింది. సూపర్వైజర్ నడుము దగ్గర దూరి, కాల్లోంచి బయటికొచ్చింది. వచ్చీ రాగానే గాల్లోకి ఎగిరి, ఒళ్ళు ఒక్క మెలిక తిప్పి, గది చుట్టూ పరిగెత్తి మళ్ళీ దూరింది. ఇక అదే ఆట. అలిసిపోతే కాళ్ళు బారజాపి పక్కకు దభాలున పడిపోయేది. మొదటిసారి చచ్చిపోయిందనుకుని నేను ఏడ్చాను కూడా. అక్క ముక్కు దగ్గర కొత్తిమీర పెడితే ఒక కన్ను తెరిచింది.

జేబులు కొరకడం మానేసింది. గెలిచామనుకున్నాం.

శనివారం బడి నుంచి వచ్చేసరికి ఖాదర్ మామ ఆటో వెళ్ళిపోయింది. గదిలో ఒక్క మూటా లేదు. సూపర్వైజరూ లేదు.

మంచం కింద చూశాం, సిలిండర్ వెనక చూశాం... అమ్మ మిషన్ ఆపేసింది. "మూటలు కట్టింది నేనే గదే. ప్యాంట్లు మడిసినానే గానీ, కాళ్ళలో చెయ్యి పెట్టి చూడల్యా..." అని అక్కడే కూలబడింది.

ఉతికే యూనిట్‌లో పెద్ద పెద్ద డ్రమ్ములుంటాయనీ, రంగు వెలిసేలా వాటిలో ప్యాంట్లతో పాటు రాళ్ళు కూడా వేసి తిప్పుతారనీ మా ఇంట్లో అందరికీ తెలుసు. నాయన చెప్పులు కూడా వేసుకోకుండా బండి తీశాడు. వెనక అక్కా, నేనూ.

యూనిట్ గేటు దాటగానే నాయన పరిగెత్తాడు.

"మిషన్లు ఆపండప్పా! మా సూపర్వైజర్ లోపల ఉండాడు!"

ఎవరో మెయిన్ స్విచ్ లాగేశారు. ఇద్దరు డ్రమ్ము మూత తెరిచి తలలు లోపల పెట్టారు. ఒకాయన "యారప్పా ఒళగె?" అని, లోపలెవరంటూ కన్నడంలో కేకేశాడు. అప్పుడు ఆఫీసు గదిలోంచి టీ గ్లాసు పట్టుకుని ఒక లావుపాటి ఆయన వచ్చాడు. ఆ యూనిట్ సూపర్వైజర్.

"నేనీడే ఉండాను గదప్పా. యాడ పోయినాననుకున్యారు?"

"మీరు గాదు సార్, మా సూపర్వైజరు" అన్నాడు నాయన ఆయాసపడుతూ. "తెల్లగుంటాడు. చెవులు పొడుగు."

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది.

"కుందేలు సార్" అంది అక్క.

మిషన్లన్నీ ఆగి ఉన్నాయేమో, చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. మూల నుంచి... టప్.

నాయన మోకాళ్ళ మీద పడ్డాడు. మూడో మూటలో ఒక ప్యాంటు కాలు ఉబ్బి ఉంది. భుజం దాకా చెయ్యి పెట్టి, "రా బంగారూ... రా నాయనా..." అని బతిమాలాడు. ఆ గొంతుతో మమ్మల్నెప్పుడూ పిలవలేదు.

బయటికొచ్చింది. ఉతకని జీన్సు రంగంటుకుని నిలువెల్లా నీలం. నాయన దాన్ని చొక్కాకు హత్తుకుంటే ఆ చొక్కా కూడా నీలమైంది.

సూపర్వైజర్ సారు టీ ఒక గుక్క తాగి, "షేడు బాగుండాది" అన్నాడు. గ్లాసు పక్కన పెట్టి, "పేరు మాత్రం మార్చప్పా" అన్నాడు.

ఆదివారం తెక్కలకోట ఊసే రాలేదు. నాయన మిగిలిన జీన్సు గుడ్డ ముక్కలన్నీ కలిపి, గది ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక పొడుగాటి గొట్టం కుట్టాడు. కుట్టి, నేల మీద బోర్లా పడుకుని ఒక కొసలో మొహం పెట్టి, అవతలి కొస నుంచి వచ్చే నీలం చెవుల కోసం ఎదురుచూశాడు. అమ్మ చీపురుతో వచ్చి ఆయన చుట్టూ ఊడ్చుకుపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి కుందేలుకు మువ్వల బంతి, మడిచే గుడ్డ సొరంగం... ఫోన్లో నొక్కితే అన్నీ ఇంటికే వచ్చాయి. అది వాటి మధ్య కూర్చుని మా వైపు చూస్తుంటుంది. మేమంతా సోఫాల్లో... నేల మీద బోర్లా పడుకునే పెద్దవాళ్ళే లేకుండా పోయారు.

మీ ఇంట్లో ఉండేవాళ్ళా అలాంటివాళ్ళు? ఎవరి కోసం కిందికి దిగారో రాయండి... చదువుకుంటాను.