ఎదురు చెప్పబాకండి

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కదిలేముందు కండక్టరు తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ సుగుణమ్మ టీచరు గుర్తొస్తుంది. తొంభైల్లో ఉదయగిరిలో నర్సుగా చేరి ఆమె ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాను. కొత్త ఊరు, పలకరించే దిక్కు లేదు. ఆమెకూ పిల్లలు లేరు. భర్త యేసుదాసు గారు ఆ రూట్లోనే కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను వెళ్లిన ఏడాదే ఆయనకు మతిమరుపు ముదిరింది. తెల్లారితే ఖాకీ చొక్కా తొడుక్కుని డ్యూటీకని బయలుదేరేవారు.

అప్పట్లో దాన్ని జబ్బని ఎవరనుకున్నారు? చాదస్తం అనేవాళ్లు, మోటుగా పిచ్చి అనేవాళ్లు. సుగుణమ్మ మాత్రం నన్ను వెంటబెట్టుకుని బజారంతా తిరిగింది. టీకొట్టు మస్తాన్‌కి, చర్చి పాస్టరు గారికి, బస్టాండు కంట్రోలరుకి ఒకటే చెప్పింది.

“మా ఆయనకి ఎదురు చెప్పబాకండి. డ్యూటీ ఉండాదంటే ఉండాదనండి. బస్సు లేటని కూర్చోబెట్టి నాకు కబురంపండి.”

“అట్నేలే టీచరమ్మా,” అన్నాడు మస్తాన్. “బస్సు లేటంటే ఈ ఊర్లో నమ్మనోడెవుడు?”

అందరూ మాట నిలబెట్టుకున్నారు. ఒక కొత్త కండక్టరైతే మరీ నిలబెట్టుకున్నాడు. “డ్యూటీ మీదే అన్నా, ఎక్కండి” అని ఆయన్ని ఆత్మకూరు దాకా తీసుకుపోయాడు. అక్కడ దిగాక మనిషి జాడ లేదు. కబురు తెలిసి మేమిద్దరం ఆత్మకూరు పోయి పొద్దుగూకే దాకా వెతికాం. తీరా చూస్తే డిపోలో సిబ్బంది పడుకునే గదిలో, సర్వీసులో ఉన్నప్పటిలాగే, సంచి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నారు. మర్నాడే ఆయన అన్నగారు కలిగిరి నుంచి తాళంకప్పతో దిగాడు.

“గదిలో పెట్టి బీగమెయ్ సుగుణా. ఈసారి బస్సు కింద పడితే ఏంది గతి?”

“నన్ను గూడా లోపలేసి ఎయ్ బావా,” అందామె. “ఆయన్ని బంధించి నేను బయట తిరగలేను.”

ఆ మాట బస్టాండు దాకా పోయింది. సాయంత్రం కంట్రోలరే ఇంటికి వచ్చాడు. యేసుదాసు గారు బస్సెక్కితే ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆత్మకూరులో తిరుగు బస్సు కండక్టరుకి అప్పజెప్పి, మళ్లీ ఇక్కడ దించే పూచీ తమదన్నాడు. అన్నగారు గొణుక్కుంటూ తాళంకప్ప సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

అలా ఊరంతా ఆయన్ని చూసుకుంది. ఆమె సంగతి అడిగినవాళ్లు లేరు. ఇంటికొచ్చాక ఆయన పరాయి ఇంట్లో నిలబడ్డట్టు గుమ్మం దగ్గరే నిలబడేవారు.

“ఇది ఎవురిల్లు తల్లీ? మా ఆడమనిషి ఒంటిగా ఉంటాది, నేను పోవాల.”

“పోదురుగానిలే. ముందు రొంత అన్నం తినండి,” అనేది ఆమె.

ఒకరోజు ఉండబట్టలేక, “నేనే నీ పెళ్లాన్నని ఒక్కసారి చెప్పరాదా అక్కా?” అని అడిగాను.

“చెప్పినాను. బెదిరిపోయి మూలకి నక్కినాడు. ఊరందరికీ ఎదురు చెప్పబాకండని చెప్పి, నేనే చెప్తే ఎట్లమ్మా?” అని గిన్నెలు సర్దుకుంది.

రెండేళ్ల తర్వాత ఆయన పోయారు. సమాధి దగ్గర నుంచి అందరూ తిరిగొచ్చాక మస్తాన్ అరుగు మీద కూర్చున్నాడు.

“టీచరమ్మా, అయ్యది రోజూ నాతో ఒకటే పోరు. మా సుగుణ నేను పోందే అన్నం తినదు, బస్సు తొందరగా పంపించు మస్తానూ, అని. మీకు తెలుసనుకున్నా.”

అప్పటిదాకా ఆమె కంట తడి లేదు. ఆ మాటకు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “నా పేరు చెప్పినాడా? నా పేరే చెప్పినాడా?” అని మస్తాన్‌ని అడుగుతూనే ఉంది.

ఆ తర్వాత చాలా ఊళ్లలో పనిచేశాను. మతి తప్పిన మనిషి ఉన్న ఇంటికి వెళ్లేముందు వీధిలో, కొట్ల దగ్గర ఆరా తీస్తాను. ఇంటివాళ్ల గురించి ఆ మనిషి ఎక్కడ ఏమన్నాడో కనుక్కుని, అదే రోజు ఆ మాట ఇంట్లోవాళ్లకు చేరవేస్తాను. ఒక్కోసారి ఎంత అడిగినా చేరవేయడానికి ఒక్క మాటా దొరకదు. అప్పుడు కూడా వెళ్లి, వాళ్ల పక్కన కాసేపు కూర్చుని వస్తాను.