ఆకు తిరగేస్తే

ఎనభైల్లో మా విశ్వవిద్యాలయంలో మైక్రోస్కోపు గది నా చేతి కింద ఉండేది. ఎవరు ఏం తెచ్చినా కటకం కింద పెట్టి చూడటం, పెద్దది చేసి ఫొటో తీసివ్వడం నా ఉద్యోగం. మిరప తొక్క, చీరాల నేత నూలు, నా తలవెంట్రుక, ఏదీ వదల్లేదు నేను. కానీ ఓపిక తక్కువ. నమూనా పాడుచేసి తెచ్చేవాళ్ళంటే ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం పర్చూరు వైపు నుంచి ఒక రైతు భార్య టిఫిను డబ్బాలో పత్తి ఆకులు తెచ్చింది. ఆ ఏడు తెల్లదోమ చేలను ఊడ్చేస్తోంది. ఆకులు జిగురు పట్టి, మసి కమ్మి నల్లబడుతున్నాయి. తీరా మూత తీస్తే ఈమె ఆకులు నిగనిగలాడుతున్నాయి.

"చదువుకునే చోటికి మురికివి ఎట్టా తెస్తామమ్మా? శుభ్రంగా కడిగే తెచ్చా" అంది.

పూజకి తమలపాకులు తెచ్చినట్టు తెచ్చింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చూడాల్సిందంతా బావి దగ్గరే వదిలేసి వస్తే నేనేం చూడాలని కసిరాను.

ఆమె కదల్లేదు. భర్త అప్పటికి మూడుసార్లు మందు కొట్టాడట. మూడోసారి చేలోనే కళ్ళు తిరిగి పడిపోతే చిలకలూరిపేట ఆసుపత్రికి మోసుకెళ్ళారట. ఇంకా సరిగ్గా కోలుకోలేదు, రేపు మళ్ళీ కొడతానంటున్నాడట. ఆ మందుకి పురుగు చస్తోందో లేదో ఆమెకి తెలియాలి. చావకపోతే మొగుణ్ణి చేలోకి పంపేది లేదంది.

ఆ మాటతో నా కోపం చల్లారింది. ఆకు పైవైపు చూశాను, ఏమీ లేదు. తిరగేశాను. అడుగున ఈనెల పక్కన పొలుసుల్లాంటి పిల్లపురుగులు అంటుకుని ఉన్నాయి. కడిగినా ఊడలేదు. కొన్నిటికి ఎర్రటి కళ్ళు కూడా కనిపించాయి. చూస్తుండగానే ఒక పొలుసు వీపు చీలి, ముడుచుకున్న రెక్కలతో ఒక దోమ మెల్లగా బయటికొచ్చింది. ఊపిరి బిగపట్టి ఫొటోలు తీశాను. సంతోషం పట్టలేక ఆమెనూ స్టూలు మీద కూర్చోబెట్టి చూడమన్నాను.

ముందు తన కనురెప్పల వెంట్రుకలే కనిపిస్తున్నాయంది. తర్వాత చాలాసేపు చూసింది. అది మొన్న మందు కొట్టిన చేలో ఆకేనట. మందు ఆకు పైనే పడుతోందనీ, ఇవి అడుగున హాయిగా పెరుగుతున్నాయనీ చెప్పాను.

తన మాట భర్త వినడని ఫొటో కావాలంది. రీలు పూర్తయితే తప్ప కడగకూడదని మా గదిలో నియమం. మిగిలిన ఫిల్ముకి ఆమె చీర పోగు, నా గోరు, కిటికీ మీద దుమ్ము, ఏది దొరికితే అది తీసేసి రీలు అయిందనిపించాను. సాయంత్రానికి ఫొటో ఆమె చేతిలో పెట్టాను, ఇంకా తడిగానే ఉంది.

ఆమె దాన్ని కొంగుకి తగలకుండా దూరంగా పట్టుకుని చూసింది.

"అంత మందులోనూ ఇవి పుడతానే ఉన్నాయి. ఆయనే పోబోయాడు" అంది. గుమ్మం దాటుతూ, నాతో కాదు, తనకి తానే చెప్పుకున్నట్టు అంది. "చేను పోతే పోయింది. ఇక పంపను."