విడి బకెట్

లాండ్రీ ఓనరు బట్టలకు వాసన పట్టించే సెంటు నీళ్లను మూతతో కొలవడు, డబ్బానే మిషన్లోకి వంచేస్తాడు. ఆరిన ప్రతి బట్టనూ ముక్కుకు ఆనించుకుని, పూలన్నీ తనే పూయించినట్టు మురిసిపోతాడు. నిన్న ఒక తల్లి, ఒళ్లంతా దద్దుర్లు లేచిన బిడ్డను చంకనేసుకుని వచ్చి, బట్టల మూట బల్ల మీద పెట్టింది.

"బాబాయిగారూ, ఆ సెంటు నీళ్లు పడట్లేదని డాక్టరు చెప్పాడు. పాప బట్టలకి పొయ్యకండి."

"వాసన లేకపోతే ఉతికినట్టు ఎవరికి తెలుస్తుందమ్మా? అందరికీ పడుతున్నాయి, మీ పాపదే రాచపుట్టుకా?" అని పళ్లికిలించాడు.

ఇంతలో ఇస్త్రీ చేసే ఆవిడ, గోడవార విడిగా నానుతున్న చిన్న చొక్కాల బకెట్లో అలవాటుగా ఆ నీళ్లు పోయబోయింది. ఏనాడూ తొందరపడని ఓనరు ఒక్క గెంతులో డబ్బా లాక్కున్నాడు.

"కళ్లు కనపడట్లేదా? అవి నా మనవడివి! వాడికి దురదలొస్తాయి!"

తల్లి తన మూట వెనక్కి తీసుకుంది.

"మనవడికి ఏ సబ్బు వాడతారో చెప్పండి బాబాయిగారూ. నేనే ఉతుక్కుంటాను."